పాత కారుకు పెద్ద ఇంజను: లాభమెంత? ప్రమాదమెంత?



హైస్కూలు సైన్సు పుస్తకంలో గతిశక్తి సూత్రం చదవనివారు మనలో ఎవరూ ఉండరు. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, అందులో సగం తీసుకోవాలి. పరీక్షలో రెండు మార్కులకు రాస్తాం, తరువాత మరచిపోతాం. మేమూ అలాగే మరచిపోయాం. ఆ సూత్రం మాకు మళ్ళీ ఒక మెకానిక్ షెడ్డులో ఎదురైంది.

డిగ్రీ రెండో సంవత్సరం వేసవి సెలవుల్లో పుస్తకాల ఖర్చు కోసం మా హాస్టల్ మిత్రులం ముగ్గురం ఒక షెడ్డులో పనికి కుదిరాం. అక్కడికి ఒక ఓనరు తన పాత కారు తెచ్చి, దానికి పెద్ద ఇంజను బిగించమన్నాడు. మేస్త్రీ బిగించాడు. కాని బ్రేకులు కూడా మార్చాలని పట్టుబట్టాడు. ఓనరు ఖర్చు ఎక్కువని ఒప్పుకోలేదు. అప్పుడు మేస్త్రీ మా వైపు తిరిగి, "ఒరేయ్ అబ్బాయిలూ, మీరు డిగ్రీ చదువుతున్నారు గదరా! పాత బ్రేకులు ఎందుకు చాలవో కాస్త లెక్కగట్టి చెప్పండి. నా మాట వినడం లేదు" అన్నాడు. మేము ముగ్గురం తలలు వంచుకుని నిలబడ్డాం. సూత్రం వచ్చు, లెక్క చెప్పే ధైర్యం రాలేదు.

నెల తిరగకముందే ఆ కారు శ్రీశైలం నుండి దోర్నాల వైపు ఘాట్ దిగుతుండగా బ్రేకులు పట్టలేదు. డ్రైవరు కారును కొండవైపు గట్టుకు కొట్టించి ఆపాడు. ప్రాణాలు దక్కాయి కాని ఇద్దరికి ఎముకలు విరిగాయి. మేస్త్రీ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు మేము చెప్పలేకపోయిన లెక్కనే ఈ వ్యాసంలో రాస్తున్నాం.

ఇంజను పెద్దది అంటే ఏమిటి?

సిలిండర్‌లో పిస్టన్ కింది నుండి పైకి కదిలినప్పుడు ఎంత చోటును ఊడుస్తుందో దానిని ఘనపరిమాణంగా చెబుతారు. అన్ని సిలిండర్లదీ కలిపితే ఇంజను "సి.సి." వస్తుంది. సి.సి. పెరిగితే ప్రతి విడతలో ఎక్కువ గాలి, ఎక్కువ ఇంధనం లోపలికి వెళతాయి. కాబట్టి ఎక్కువ శక్తి వస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ మన అంబాసిడర్ కారే. ఇంగ్లండు వారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై హిందుస్థాన్ మోటార్స్ దీనిని తయారుచేసింది. దశాబ్దాల పాటు ఇందులో ఉన్నది 1489 సి.సి. పెట్రోలు ఇంజను. దాని సామర్థ్యం సుమారు 50 హార్స్‌పవర్. 1990ల మొదట్లో అదే కారుకు జపాన్ కంపెనీ ఇసుజు రూపొందించిన 1817 సి.సి. ఇంజను అమర్చారు. సామర్థ్యం సుమారు 75కు పెరిగింది. సి.సి. పెరిగింది 22 శాతమే, సామర్థ్యం పెరిగింది 50 శాతం. అంటే పరిమాణం ఒక్కటే కాదు, ఇంజను రూపకల్పన కూడా ముఖ్యమే. 1984లో వచ్చిన కాంటెస్సా కారుకు కూడా మొదట 1489 సి.సి. ఇంజనే పెట్టి, తరువాత 1.8 లీటర్ల ఇసుజు ఇంజనుకు మారారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. కంపెనీ వారు అంబాసిడర్‌లో ఇంజను మార్చి ఊరుకోలేదు. దానితోపాటు ఐదు గేర్ల గేరుబాక్సు తెచ్చారు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు కోరుకునే వీలు కూడా ఆ కారులో మొదటిసారి వచ్చింది. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ నిలిచిపోయింది కాని ఆ పాఠం మాత్రం పాతబడలేదు.

వేగం ఎంత పెరుగుతుంది?

సామర్థ్యం ఒకటిన్నర రెట్లు అయితే వేగం కూడా ఒకటిన్నర రెట్లు అవుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఎక్కువ వేగంలో కారుకు ప్రధాన శత్రువు గాలి నిరోధం. దానిని అధిగమించడానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 1.5కు ఘనమూలం సుమారు 1.14. అంటే ఇదివరకు గంటకు 100 కి.మీ. అందుకున్న కారు ఇప్పుడు సుమారు 114 కి.మీ. అందుకుంటుంది, అంతే.

మరి లాభం ఎక్కడ? ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు. మనుషులు, సామానుతో కలిపి 1500 కిలోల కారు, ప్రతి 15 మీటర్లకు 1 మీటరు ఎత్తు పెరిగే రోడ్డును గంటకు 40 కి.మీ. వేగంతో ఎక్కాలంటే గురుత్వాకర్షణకు ఎదురుగా సుమారు 14.6 హార్స్‌పవర్ కావాలి. 60 కి.మీ. వేగంతో అయితే సుమారు 22 కావాలి. పెద్ద ఇంజను ఇది సులభంగా ఇస్తుంది. డ్రైవరుకు హుషారు వస్తుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

బ్రేకుల లెక్క

బ్రేకు చేసే పని గతిశక్తిని వేడిగా మార్చడం. ఈ 1500 కిలోల కారు 60 కి.మీ. వేగంలో ఉంటే గతిశక్తి సుమారు 2.08 లక్షల జౌళ్ళు. 90 కి.మీ. వేగంలో సుమారు 4.69 లక్షల జౌళ్ళు. వేగం ఒకటిన్నర రెట్లు, వేడి రెండుంబావు రెట్లు!

ఇక ఘాట్ రోడ్డు సంగతి చూద్దాం. పైన చెప్పిన వాలులో 5 కి.మీ. దిగితే ఎత్తు 333 మీటర్లు తగ్గుతుంది. అప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు 49 లక్షల జౌళ్ళు. ఇది 60 కి.మీ. వేగంలో ఉన్న కారును 23 సార్లు పూర్తిగా ఆపినదానితో సమానం! ఇందులో కొంత గాలి, కొంత ఇంజను పంచుకుంటాయి. రెండో గేరులో దిగితే ఇంజను ఎక్కువ భాగం పంచుకుంటుంది. టాప్ గేరులో దిగితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. వేగంగా దిగితే అదే వేడి తక్కువ సమయంలో పుడుతుంది, చల్లారే వ్యవధి ఉండదు. అప్పుడు డ్రమ్ములు వ్యాకోచించి షూలకు దూరం జరుగుతాయి, లైనింగు పట్టు తగ్గుతుంది. బ్రేకు ఆయిలు మరిగితే అందులో బుడగలు పుట్టి పెడల్ నేలకు అంటుతుంది. మేము చూసిన కారుకు జరిగింది ఇదే.

ఇంకా ఏమేమి చూడాలి?

1. క్లచ్, గేరుబాక్సు: పెద్ద ఇంజను తిప్పుడు బలం ఎక్కువ. పాత క్లచ్ ప్లేటు జారుతుంది. గేరు పళ్ళు, ప్రొపెల్లర్ షాఫ్టు, వెనుక క్రౌన్ వీలు, పినియన్ ఆ బలాన్ని తట్టుకోవాలి.

2. రేడియేటర్: ఇంధనం శక్తిలో పెద్ద భాగం వేడిగానే పోతుంది. ఎక్కువ ఇంధనం మండితే ఎక్కువ వేడి. పాత రేడియేటర్ చాలకపోవచ్చు.

3. బరువు: ఇంజను బరువు పెరిగితే ముందు స్ప్రింగులు కుంగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది.

4. అమరిక: ఇంజను, గేరుబాక్సు షాఫ్టులు ఒకే గీతపై ఉండాలి. లేకపోతే అదురు పుట్టి బేరింగులు పోతాయి.

5. స్పీడోమీటరు: గేరుబాక్సు లేదా వెనుక ఇరుసు నిష్పత్తి మారితే అది తప్పు వేగం చూపవచ్చు.

చట్టం ఏమంటుంది?

ఆర్.సి.లో ఇంజను నంబరు, సి.సి. నమోదై ఉంటాయి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019లో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఇంజను మార్చాలనుకునేవారు ముందుగా రవాణా శాఖ అధికారులను అడగాలి. అనుమతి లేని బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా చిక్కులు వస్తాయి.

సోదరులారా! మన హాస్టల్ నుండి ఎందరో సెలవుల్లో షెడ్లకు వెళుతున్నారు. కొందరు ఐ.టి.ఐ.లో, పాలిటెక్నిక్‌లో చేరుతున్నారు. రేపు మీ ముందుకు కూడా ఇలాంటి బండి రావచ్చు. ముందు బ్రేకులు, తరువాత క్లచ్, గేరుబాక్సు, రేడియేటర్, చివరగా ఇంజను. ఓనరు వినకపోతే కాగితం, పెన్ను తీసుకుని 23 సార్ల లెక్క వేసి చూపండి. మీ వయసు చిన్నదని, మీరు హెల్పర్లని సంకోచించకండి. మా మేస్త్రీ బడికి వెళ్ళలేదు కాని ఆయనకు సంగతి తెలుసు. చదువుకున్న మేము నోరు విప్పలేదు. ఆ పొరపాటు మీరు చేయవద్దని మా మనవి.