మందును మాటయు

వ్యాధికి మందు నిచ్చువాడు వైద్యుడు. వ్యాధిగ్రస్తునికి పేరు పెట్టువారము మనము. మందెంత మంచిదైనను, పేరు చెడ్డదైనచో రోగి మందుదాక రాకయే పోవును. ఈ సంగతిని కుష్ఠువ్యాధి విషయమున విచారింతము.

ఈ వ్యాధిని మనవారు మహారోగమనియు, పాపరోగమనియు బిలిచిరి. మొదటి మాట భయము పుట్టించును; రెండవది తీర్పు చెప్పును. పూర్వజన్మమున నేదో పాతకము చేసినవాడనియే గదా దాని భావము! అభియోగము లేదు, సాక్షి లేడు, విచారణ లేదు, శిక్ష మాత్రమున్నది. ఈ వ్యాధికి గారణము సూక్ష్మజీవియని 1873వ సంవత్సరమున నార్వేదేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. నాటితో పాపవాదము కూలవలసినది. మాట నిలిచి దానిని గూడ నిలిపినది.

అందువలన గలుగు కీడెట్టిదో చూడుడు. వ్యాధి తరచుగా రంగు తగ్గిన మచ్చగా దొలుత గానవచ్చును. అచ్చట స్పర్శ తెలియదు, నొప్పియు నుండదు. అప్పుడే వైద్యుని దర్శించి, ఆయన విధించిన మందులను ఆరు మాసములో, పండ్రెండు మాసములో సేవించినచో నయమగును. మందారంభించిన కొలదికాలమునకే యితరులకు సోకుటయు నాగును. కాని యా పేరు తనకు వచ్చునను భీతిచే రోగి మచ్చను వస్త్రముతో గప్పికొనును. కుమార్తె వివాహమైన పిమ్మట జూతమనుకొనును. ఈలోపల నరములు చెడి వ్రేళ్లు వంకరపోవును; స్పర్శ లేని పాదమున పుండ్లు పడును. సూక్ష్మజీవి మొదలుపెట్టిన పనిని మాట ముగించును.

1948వ సంవత్సరమున హవానా నగరమున గూడిన వైద్యమహాసభ, రోగిని రోగముపేరుతో బిలుచు ‘లెపర్’ అను మాటను విడువవలెనని చెప్పెను. మన దేశమున 1898 నాటి శాసనము ఆ మాటనే శిరస్సున ధరించి 2016 వరకు నిలిచెను. కుష్ఠువు విడాకులకు గారణమను నిబంధన 2019లో గాని తొలగలేదు.

శాసనకర్తలను నిందించుట సులభము. నా తప్పునే చెప్పెదను. ఒక భూమితగాదాలో, న్యాయాధిపతికి జాలి కలుగుననియెంచి, నా కక్షిదారుని ‘మహారోగపీడితుడు’ అని దావాలో వ్రాసితిని. ఆయన చదివికొని, “వకీలుగారూ, ఆ రోగము నాకు నయమై ఆరేండ్లయినదండీ. మీ కాగితములో మరల నెందుకు వచ్చినది?” అని యడిగెను. నాకు బ్రత్యుత్తరము తోచలేదు. ఆ మాటను గొట్టివేసి యాయన పేరు మాత్రముంచితిని. వ్యాజ్యమునకేమియు లోటు రాలేదు.

ప్రియమైన యసత్యమును బలుకుడని నేననుట లేదు. వ్యాధిని వ్యాధియనియే చెప్పుదము; దానికి మందున్నదని వెంటనే చెప్పుదము. రోగియైనవానిని వాని పేరుతో బిలుతము. నయమైనవానికి వెనుకటి రోగమును బిరుదుగా దగిలింపకుందము. జాలితో బలికినను అవమానము అవమానమే.

ప్రార్థనాసమయమున పరమేశ్వరుడు సర్వులకు దండ్రియని పలుకుచున్నాము. ఆయన బిడ్డలలో నొకనిని పాపరోగియని పిలిచిన నాలుకతోనే యా ప్రార్థన చేయుట తగునా? సోదరులారా, నేడు కలము చేత బూనునపుడు ఈ ప్రశ్నను ముందుగా మనలను మనమే యడిగికొందముగాక!