ఉల్లేఖనల లెక్కకు అందని పేరు

కొంతకాలం క్రిందట మేమొక ఎంపిక సంఘం ఎదుట కూర్చొనవలసి వచ్చింది. మా వ్యాసాలను ఎవరూ తెరచి చూడలేదు. అవి ఏ సూచికలో చేరినవి, ఎందరు ఉల్లేఖించినారు అని మాత్రం అడిగారు. తెలుగు, ఉర్దూ పరిశోధన పత్రికలలో పెక్కింటికి ఆ సూచికలలో చోటు లేదు గనుక మా వద్ద సమాధానం లేకపోయింది. ఆ నాటినుండి ఈ లెక్కను గురించి ఆలోచిస్తున్నాము.

ఒక పండితుని వ్యాసాన్ని మరొకరు తమ వ్యాసంలో ఆధారంగా పేర్కొనడమే ఉల్లేఖన. యూజీన్ గార్‌ఫీల్డ్ 1960ల దశకంలో వీటిని సూచికలుగా కూర్చారు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు హెచ్-సూచికను ప్రతిపాదించారు. కనీసం ఇరవై ఉల్లేఖనలు చొప్పున పొందిన వ్యాసాలు ఇరవై ఉంటే ఆ పండితుని అంకె ఇరవై. అంతకంటె ఎక్కువమంది చదివినా, ఆ వ్యాసాలలో ఒకటి లోకాన్నే మార్చినా అంకె కదలదు!

ఈ కొలబద్దను ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణారావుగారి ముందుంచి చూతము. 1920లో హూవిన హడగళిలో తెలుగు కుటుంబంలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తా చేరినవారాయన. అక్కడ పాఠం చెప్పుచుండగా, పెద్ద నమూనాలకు ఫిషర్ నిరూపించిన సూత్రం చిన్న నమూనాలకు వర్తించదా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ రాత్రి సాధించి, మరునాడు తరగతిలో బదులిచ్చారు. 1945లో కలకత్తా గణితసంఘ పత్రికలో అది పదకొండు పుటల వ్యాసంలో భాగంగా వెలువడింది. పక్షపాతం లేని అంచనాను ఎంత నేర్పుగా కట్టినా దాని విచలనం ఒక హద్దుకు దిగువకు పోజాలదన్నది అందలి మాట. అంచనాను మెరుగుపరచే ఉపాయం, సంభావ్యతల నడుమ దూరాన్ని రేఖాగణితంతో కొలిచే తలపు కూడ ఆ పుటలలోనే ఉన్నవి.

ఆ హద్దు రాడార్ నిర్మాతలకు అక్కరకు వచ్చింది; క్వాంటం భౌతికశాస్త్రంలో కొత్త రూపు దాల్చింది. ఆయన 1947లో వివరించిన లంబ పట్టికలు కర్మాగారాలలో వస్తువుల నాణ్యతను పెంచే ప్రయోగాలకు ఆధారమైనవి. సూడాన్‌లోని జెబెల్ మోయా త్రవ్వకాలలో దొరికిన అస్థిపంజరాలను కొలిచి విశ్లేషించినదీ ఆయనే!

ఇందొక చిత్రమున్నది. నేటి ఇంజనీర్లు 'క్రామేర్-రావు హద్దు' అని వ్రాసి, 1945 నాటి వ్యాసాన్ని పేర్కొనక ముందుకు సాగుతారు. పేరు పరిభాషలో కలిసిపోయింది గనుక ఆ వాడుక లెక్కకెక్కదు. సమాజశాస్త్రజ్ఞుడు మెర్టన్ దీనిని విలీనంవలన కలిగే విలోపమన్నారు. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో గణితం వ్రాసిన అల్-ఖ్వారిజ్మీ పేరే 'అల్గారిథమ్' అయినది. మన కంప్యూటరు విద్యార్థులు దినమునకు పదిసార్లు ఆ మాట పలుకుతారు. అది ఎవరి ఖాతాలో పడుతున్నది?

పత్రికల ప్రభావాన్ని సాధారణంగా రెండేండ్ల ఉల్లేఖనలతో కొలుస్తారు. ఆ 1945 వ్యాసానికి అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర పురస్కారం 2023లో, అనగా డెబ్బదియెనిమిదేండ్ల తరువాత లభించింది. అప్పటికి ఆయన వయస్సు నూటరెండు. ఆ యేడే ఆగస్టులో కన్నుమూశారు.

పాత పత్రిక దొరకనివారికి ఆ వ్యాసం 'బ్రేక్‌త్రూస్ ఇన్ స్టాటిస్టిక్స్' అను 1992 నాటి సంకలనంలో లభించును. మా గణితశాఖ మిత్రులు దాని మొదటి పుటలను డిగ్రీ విద్యార్థులచేత చదివించవచ్చును.