పాత ఇంజనుకు కార్బురేటర్ వెదికే ముందు...

వరి పొట్ట దశలో ఉంది. బోదెలో నీరుంది. తోడాల్సిన ఇంజను మాత్రం నాలుగు సార్లు తాడు లాగితే ఒకసారి దగ్గి ఆగిపోతోంది. మెకానిక్కు చూసి ‘కార్బురేటర్ పోయింది, ఈ మోడలుది ఇప్పుడు రావడం లేదు, ఇంజను అమ్మేసుకో’ అంటాడు. ఎకరం, రెండెకరాల రైతుకు ఇది చిన్న మాట కాదు. పెట్రోలుతో మొదలుపెట్టి కిరోసిన్‌తో నడిపే పాత పంపు ఇంజన్లున్న రైతులు తొందరపడకుండా కింది సంగతులు గమనించాలి.

అసలు పోయింది కార్బురేటరేనా?

కార్బురేటర్ చేసే పని గాలిలో ఇంధనాన్ని తగిన పాళ్లలో కలపడమే. పెట్రోలయితే బరువులో ఒక పాలుకు గాలి సుమారు 15 పాళ్లు కావాలి. గొట్టం సన్నబడిన చోట గాలి వేగం పెరిగి, కింది గిన్నెలోని ఇంధనాన్ని జెట్టు ద్వారా పైకి లాక్కుంటుంది. గిన్నెలో మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండేలా ఫ్లోటు, నీడిల్ చూసుకుంటాయి.

ముందు ప్లగ్గు విప్పి చూడండి. మసిబారి నల్లగా ఉంటే ఇంధనం ఎక్కువవుతోంది. తెల్లగా మాడినట్లుంటే గాలి ఎక్కువవుతోంది. నిప్పురవ్వే రాకపోతే తప్పు మాగ్నెటోది కావచ్చు, కార్బురేటరును తిట్టి లాభం లేదు. ట్యాంకు కాక్, వడపోత జాలీ, ఇంజనుకూ కార్బురేటరుకూ మధ్య ప్యాకింగ్ కూడా చూడాలి. ప్యాకింగ్ చిరిగితే దొంగగాలి లాగి ఇంజను వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల చమురు కదిలిన చప్పుడైతే చిల్లు పడినట్లే. వేడి నీటిలో ముంచితే బుడగలు వచ్చిన చోటే చిల్లు. లోపలి చమురంతా పోయి ఆరిపోయాకే టంకం వేయించాలి. జెట్టు మూసుకుపోతే గాలి కొట్టి శుభ్రం చేయాలి. ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై ఇంధనం దండగవుతుంది. థ్రాటిల్ కడ్డీ అరిగి వదులైతే లేత్ మిషన్ షాపులో బుష్ వేయించవచ్చు. వీటిలో ఏదో ఒకదానితోనే బాగుపడే ఇంజన్లు చాలా ఉంటాయి.

వెదకాలంటే గుర్తులు కావాలి

ఇవన్నీ చూసినా కుదరకపోతే అప్పుడు వేట మొదలుపెట్టండి. పాతదాన్ని పారేయవద్దు, వెంట తీసుకెళ్లండి. ఈ వివరాలు కాగితం మీద రాసుకోండి:

* కార్బురేటర్ ఒంటి మీద, గిన్నె మీద ఉన్న పేరు, అంకెలు. మట్టి పట్టి కనిపించకపోతే కిరోసిన్‌తో కడగాలి.
* ఇంజను పలక మీది మోడలు, నంబరు.
* గాలి వెళ్లే గొట్టం లోపలి వెడల్పు మిల్లీమీటర్లలో.
* బిగించే రెండు బోల్టుల నడుమ దూరం.
* ఇంధనం గొట్టం ఏ వైపు, గవర్నర్ కడ్డీ ఏ వైపు లాగుతుంది.
* జెట్టు మీది అంకె.

జెట్టు అంకె దగ్గర చాలామంది మోసపోతారు. కొన్ని కంపెనీలు రంధ్రం కొలతనే అంకెగా వేస్తాయి. 80 అంటే 0.80 మిల్లీమీటరు. మరికొన్ని ఎంత ఇంధనం పారుతుందో దాన్ని బట్టి వేస్తాయి. కాబట్టి ఒక కంపెనీ 80, ఇంకో కంపెనీ 80 ఒకటేనని నమ్మవద్దు.

ఎక్కడ దొరుకుతుంది?

మొదట మీ ఊళ్లోనే అడగండి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చాక కరెంటు మోటార్లకు మారిన రైతుల పశువుల కొట్టాల్లో పాత ఇంజన్లు ఇంకా మూలపడి ఉంటాయి. తర్వాత మండల కేంద్రంలోని ముసలి మెకానిక్కుల డబ్బాలు, పాత ఇనుము కొట్లు చూడాలి. అక్కడా లేకపోతే విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి పెద్ద బజార్లు.

కొనేటప్పుడు బిగించే ముఖాన్ని గాజు పలక మీద పెట్టి చూడండి. సందు కనిపిస్తే వంకర పోయినట్లే. థ్రాటిల్ కడ్డీ కదిలించి చూడండి. మరలు అరిగాయేమో చూడండి. ‘ఇంజనుకు బిగించి నడవకపోతే తిరిగి తీసుకుంటావా?’ అని ముందే మాట తీసుకోండి.

బోల్టులు కుదిరినంత మాత్రాన సరిపోయినట్లు కాదు. గాలి ఎక్కువైతే ఇంజను వేడెక్కి వాల్వులు, పిస్టను దెబ్బతింటాయి. కిరోసిన్ ఎక్కువైతే కాలకుండా కిందికి దిగి ఇంజనాయిల్‌ను పలచన చేస్తుంది. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగితే వెంటనే ఆపి ఆయిల్ మార్చండి.

దొరికాక కాపాడుకోవడం

ఇంజను బాగా వేడెక్కాకే కిరోసిన్‌కు మార్చాలి. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మార్చి కాసేపు నడిపితే మరునాడు సులువుగా అందుకుంటుంది. రేషన్ కిరోసిన్ కరువయ్యాక పెట్రోలుతోనే నడిపేవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది, పాతకాలం రబ్బరును ఉబ్బిస్తుంది. అందుకే పని అయ్యాక కాక్ కట్టేసి, గిన్నెలో ఇంధనం అయిపోయేదాకా నడిపి ఆపండి. సీజను ముగిశాక ట్యాంకు, గిన్నె ఖాళీ చేసి ఆరబెట్టండి. ఈ పనులప్పుడు దగ్గర్లో బీడీ, దీపం ఉండకూడదు.

చివరగా ఒక మాట. తాడు లాగినప్పుడు ఎదురు బలం లేకుండా వదులుగా వస్తుంటే వాల్వులు గానీ, పిస్టను రింగులు గానీ అరిగి ఉండవచ్చు. అప్పుడు ముందు ఆ ఖర్చు ఎంతో తేల్చుకోండి. దానికి కార్బురేటర్ ధర కలిపి, నడుస్తున్న పాత ఇంజను ధరతో పోల్చి చూసుకున్నాకే బస్సెక్కండి.