హెల్మెట్ ఇంటర్‌కామ్‌కు చెవి మానిటర్లు: కలిపే పద్ధతి, చెవిని కాపాడుకొనే పద్ధతి



మన సంఘాల యౌవనస్థులలో చాలామంది మోటారు సైకిళ్ళ మీద దూర ప్రయాణాలు చేస్తున్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళేటప్పుడు మాట్లాడుకొనడానికి హెల్మెట్‌కు బ్లూటూత్ ఇంటర్‌కామ్ బిగించుకొంటున్నారు. పాటల బృందములో ఉన్నవారి దగ్గర చెవి లోపల పెట్టుకొనే ఇన్-ఇయర్ మానిటర్లు కూడా ఉంటాయి. "వీటిని హెల్మెట్ ఇంటర్‌కామ్‌కు కలుపుకోవచ్చా? చెవికి ఏమైనా హాని ఉందా?" అని కొందరు అడుగుతుంటారు. కలుపుకోవచ్చు. సరిగా వాడితే చెవికి మేలు, తప్పుగా వాడితే చెవికి తీరని నష్టము. ఈ పాఠములో రెండు సంగతులూ నేర్చుకుందాము.

1. హెల్మెట్ లోపల ఎంత శబ్దము ఉంటుంది?

హెల్మెట్ తలను కాపాడుతుంది గాని చెవిని శబ్దము నుండి అంతగా కాపాడదు. గంటకు 65 కిలోమీటర్ల వేగము దాటిన తరువాత ఇంజను శబ్దము కంటే గాలి హోరే ఎక్కువగా ఉంటుంది. హెల్మెట్ అడుగు అంచు చుట్టూ గాలి సుడులు తిరగడము వలన ఈ హోరు పుడుతుంది. 80 కిలోమీటర్ల వేగములో అది సాధారణముగా 90 డెసిబెల్స్ దాటుతుంది. 100 కిలోమీటర్లు దాటితే 100 డెసిబెల్స్ దగ్గరకు కూడా చేరుతుంది.

చెవి ఎంతసేపు తట్టుకోగలదు? పని స్థలాలలో నిపుణులు పాటించే లెక్క ఇది: 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయము సగమవుతుంది.

88 డెసిబెల్స్ – 4 గంటలు
91 డెసిబెల్స్ – 2 గంటలు
94 డెసిబెల్స్ – 1 గంట
100 డెసిబెల్స్ – 15 నిమిషాలు

హైదరాబాదు నుండి విజయవాడకు బండి మీద వెళ్తే నాలుగైదు గంటలు పడుతుంది. అంటే గాలి హోరు ఒక్కటే ఆ రోజు హద్దును దాటించగలదు. దాని మీద హెల్మెట్ స్పీకరులో పాటలు, మాటలు వినబడాలంటే హోరు కంటే ఎక్కువ శబ్దము పెట్టాలి. నష్టము అక్కడే మొదలవుతుంది.

2. చెవిలో ఏమి జరుగుతుంది?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారములో ఉన్న భాగములో సుమారు 15,000 సన్నని వెంట్రుకల వంటి కణాలు ఉంటాయి. శబ్దమును మెదడుకు చేరవేసేవి అవే. ఎక్కువ శబ్దానికి అవి ముందు అలసిపోతాయి. ప్రయాణము తరువాత చెవిలో "కుయ్" మని మోత, చెవులు మూసుకుపోయినట్లు ఉండడము ఆ అలసటకు గుర్తులు. ఇలా మాటిమాటికీ జరిగితే ఆ కణాలు చనిపోతాయి. చనిపోయినవి మనుష్యులలో మరల మొలవవు. మందుతో గాని ఆపరేషనుతో గాని వాటిని తిరిగి తీసుకురాలేము. పోయిన వినికిడికి యంత్రము పెట్టుకోవచ్చు గాని అది పూర్వపు చెవితో సమానము కాదు.

3. మానిటర్ల వలన మేలు ఎక్కడ?

ఇన్-ఇయర్ మానిటరు చెవి రంధ్రమును బిరడా వలె మూస్తుంది. బాగా అమరితే బయటి శబ్దమును 20 డెసిబెల్స్ వరకు, కొన్ని రకాలు అంతకు మించి తగ్గిస్తాయి. 95 డెసిబెల్స్ హోరు చెవిలో 75కు దిగితే మాటలు తక్కువ వాల్యూములోనే వినిపిస్తాయి. మేలు అంతా ఆ తగ్గించిన వాల్యూములోనే ఉంది. హోరు తగ్గింది గదా అని పాట పెంచితే 100 డెసిబెల్స్ నేరుగా కర్ణభేరి ముందే పెట్టుకొన్నట్లు అవుతుంది.

సరిగా అమరిందో లేదో తెలుసుకొనడానికి నోరు మూసి "మ్..." అని పలకండి. మీ గొంతు తల లోపల గంభీరముగా మోగితే రంధ్రము మూసుకొన్నట్లే. ఒక చెవిలోనే మోగితే రెండవ దానికి వేరే సైజు రబ్బరు తొడుగు మార్చండి.

4. కలిపే విధము

మొదట మీ ఇంటర్‌కామ్‌లో ఇయర్‌ఫోన్ పెట్టుకొనే రంధ్రము ఉందో లేదో దానితో ఇచ్చిన పుస్తకములో చూడండి. కొన్ని సెట్లలో హెల్మెట్ స్పీకర్లు 3.5 మి.మీ. పిన్నుతో ఊడి వస్తాయి. అక్కడ మానిటరు పిన్ను పెట్టవచ్చు. మరికొన్నిటికి ఇయర్‌ఫోన్ రంధ్రము గల బిగింపు ముక్క విడిగా దొరుకుతుంది.

పొరపాటు పడే చోట్లు ఇవి:

క) "ఆక్స్" అని ఉన్న రంధ్రము చాలా సెట్లలో పాటలు లోపలికి పంపడానికి మాత్రమే. అందులో మానిటర్లు పెడితే ఏమీ వినబడదు.

ఖ) బ్లూటూత్ ఇయర్‌బడ్స్ సామాన్యముగా ఇంటర్‌కామ్‌తో జత కావు. రెండూ ఫోను నుండి శబ్దము అందుకొనేవే గనుక ఒకదానికొకటి శబ్దము పంపుకోలేవు. తీగ ఉన్న మానిటర్లే వాడాలి.

గ) పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండు గీతలు ఉంటే శబ్దానికి మాత్రమే, మూడు ఉంటే మైకు కూడా ఉన్నది. రెండు గీతల పిన్నుకు చేసిన రంధ్రములో మూడు గీతలది పెడితే కొన్నిసార్లు గొంతు బోలుగా, దూరము నుండి వచ్చినట్లు వినిపిస్తుంది. రెండు గీతల తీగ మార్చితే సరిపోతుంది. మాట్లాడడానికి ఇంటర్‌కామ్ మైకునే నోటి దగ్గర ఉంచుకోవాలి.

ఘ) రంధ్రము లేదని స్పీకరు తీగలు కత్తిరించి అతికించకండి. కొన్ని సెట్లలో కుడి ఎడమల తీగలు కలిస్తే లోపలి భాగము కాలిపోతుంది.

హెల్మెట్ లోపలి గట్టి థర్మోకోల్‌ను ఎప్పుడూ తొలచకండి, చెక్కకండి. పడినప్పుడు దెబ్బను మింగేది అదే. తీగను మెత్తని గుడ్డ పొర కింద నుండి మాత్రమే పోనివ్వండి. చిన్న పొడిగింపు తీగ ఒకటి పెట్టి, అతుకు హెల్మెట్ అడుగు అంచు దగ్గర ఉండేలా చూడండి. లాగితే సులువుగా ఊడిపోవాలి. ప్రమాదములో ఎవరైనా హెల్మెట్ తీయవలసి వస్తే తీగ మెడకు, చెవికి చిక్కుకోకూడదు.

చెవి బయటకు పొడుచుకు వచ్చే పెద్ద మానిటర్లు హెల్మెట్ కింద నొప్పి పెడతాయి. పడినప్పుడు చెవికి గాయము చేస్తాయి. చెవి గుంటలో మట్టముగా అణిగిపోయేవే వాడండి. ముందు మానిటర్లు పెట్టుకొని, తీగను చెవి మీదుగా వెనుకకు వేసి, హెల్మెట్ అంచులు విడదీసి మెల్లగా తొడుక్కొని, పట్టీ బిగించిన తరువాత పిన్ను పెట్టండి. తీసేటప్పుడు ముందు పిన్ను ఊడదీయండి.

5. వాల్యూము పెట్టే విధము

హెల్మెట్ స్పీకరును గాలి హోరులో వినిపించేటంత బలముగా ఇంటర్‌కామ్ నడుపుతుంది. మానిటర్లకు అంత బలము అక్కరలేదు. కావున మొదటిసారి పిన్ను పెట్టే ముందు వాల్యూము పూర్తిగా తగ్గించండి. తరువాత ఒక్కొక్క మెట్టు పెంచి, మాట అర్థమైన చోట ఆపండి. తక్కువ మెట్టులో కూడా ఎక్కువగా వినిపిస్తే, శబ్దము తగ్గించే చిన్న తీగ మధ్యలో కలుపుకోవచ్చు.

వేగము పెరిగే కొద్దీ శబ్దమును తనంతట తానే పెంచే ఏర్పాటు కొన్ని సెట్లలో ఉంటుంది. దానిని ఆపివేయండి. మైకు బయటి గాలిని విని శబ్దము పెంచుతుంది. మీ చెవి మూసి ఉన్నదని దానికి తెలియదు.

6. రోడ్డు, చట్టము

హారను, అంబులెన్సు సైరను, వెనుక వచ్చే లారీ చప్పుడు మనకు వినబడాలి. కాబట్టి ఊరిలో, రద్దీ బజారులో మానిటర్లు పెట్టుకోకండి. ఖాళీ రహదారి మీద కూడా అద్దాలు తరచుగా చూస్తూ ఉండండి. చేతిలో ఫోను లేకపోయినా ఫోను సంభాషణ మనస్సును రోడ్డు మీద నుండి లాగివేస్తుంది. అవసరమైతే బండి పక్కన ఆపి మాట్లాడండి.

2019లో సవరించిన మన మోటారు వాహనాల చట్టము ప్రకారము నడుపుతూ చేతిలో ఫోను వాడడము ప్రమాదకరమైన డ్రైవింగు క్రిందికి వస్తుంది. హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు ఉంటాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో రెండు చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వాహనము నడపకూడదు. అక్కడ ఉన్న మీ పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

7. చెవి శుభ్రత

చెమట, ఉక్క, మూసిన రంధ్రము మూడూ కలిస్తే బూజు, దురద, చీము వస్తాయి. ప్రతి గంటకు ఒకసారి బండి ఆపి, మానిటర్లు తీసి చెవికి గాలి తగలనివ్వండి. రబ్బరు తొడుగులను ఊడదీసి సబ్బు నీళ్ళతో కడిగి బాగా ఆరనివ్వండి. ఒకరివి ఒకరు పెట్టుకోకండి. పాటల బృందములో అందరూ వాడే మానిటర్లకు ఎవరి తొడుగులు వారికి ఉండాలి. చెవి కారుతున్నవారు, కర్ణభేరికి రంధ్రము ఉన్నవారు, చెవి నొప్పి ఉన్నవారు వీటిని పెట్టుకోకూడదు. గులిమి తీయడానికి పిన్నీసు, అగ్గిపుల్ల వాడకండి. నూనె పోయకండి.

మీరే పరీక్షించుకొనండి

ప్రశ్న: 91 డెసిబెల్స్ శబ్దములో ఎంతసేపు ఉండవచ్చు?
జవాబు: రోజుకు 2 గంటలు.

ప్రశ్న: మానిటర్ల వలన చెవికి మేలు ఎప్పుడు?
జవాబు: రంధ్రము బాగా మూసుకొని, వాల్యూము తగ్గించినప్పుడు మాత్రమే.

ప్రశ్న: తీగ కోసము హెల్మెట్‌లో ఏ భాగమును చెక్కకూడదు?
జవాబు: థర్మోకోల్ భాగమును.

ప్రశ్న: ఎప్పుడు డాక్టరు గారికి చూపించాలి?
జవాబు: ప్రయాణము తరువాత చెవిలో మోత మరునాటికీ తగ్గకపోతే, ఎదుటివారి మాటలు స్పష్టముగా తెలియకపోతే, చీము కారితే. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే ఆ రోజే రండి, ఆలస్యము చేయకండి. చికిత్స ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగి రావడానికి అంత అవకాశము ఉంటుంది.