ఆవిరి ఎందుకు అంత కాలుస్తుంది?



పదార్థము మూడు స్థితులలో ఉంటుంది. అవి 1. ఘన స్థితి 2. ద్రవ స్థితి 3. వాయు స్థితి. ఇది నేను కంఠతా పట్టాను. పరీక్షలో రాస్తే మార్కులు కూడా వచ్చాయి. కాని సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మ అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను.

ఆ రోజు అమ్మ పొయ్యి మీద అన్నం గిన్నె మూత తీసింది. గుప్పున ఆవిరి కొట్టి ముంజేయి బొబ్బలెక్కింది. చేతి మీద చన్నీళ్ళు పోసుకుంటూ అమ్మ అడిగింది: “మొన్న మరిగే నీళ్ళు రెండు చుక్కలు పడితే ఇంత కాల్లేదు. ఇది చూస్తే వట్టి పొగలాగ ఉంది. దీనికి ఇంత వేడి ఎక్కడిదే? మీ పుస్తకంలో రాసి ఉందా?”

మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదటిదాన్ని. నన్ను కాకపోతే ఎవరిని అడుగుతుంది? “ఉంటాది, చూసి చెప్తానమ్మా” అన్నాను.

సెలవులయ్యాక సైన్సు మాస్టారుని అడిగాను. ముందు చిన్న ప్రయోగాలు చేసి చూడు, అప్పుడు చెప్తానన్నారు. మీరు కూడా చేయవచ్చు.

ప్రయోగం 1
కావలసినవి: గాజు గ్లాసు, కాగితం ముక్క, బకెట్టు నీళ్ళు.
చేయు విధానము: కాగితాన్ని ఉండ చేసి గ్లాసు అడుగున గట్టిగా కూరాలి. గ్లాసు బోర్లించి, వంచకుండా తిన్నగా నీళ్ళలో ముంచి, తిన్నగా పైకి తీయాలి.
ఏమి చూశాము: కాగితం తడవలేదు. గ్లాసులో ఉన్న గాలి నీళ్ళను పైదాకా రానివ్వలేదు. గాలి కనబడకపోయినా చోటు తీసుకుంటుంది. కాబట్టి గాలి కూడా పదార్థమే.

ప్రయోగం 2
కావలసినవి: కొబ్బరినూనె సీసా. (మన హాస్టల్లో అందరి పెట్టెల్లో ఉంది.)
చలికాలం పొద్దున్న సీసా వంచితే నూనె రాదు. ఎండలో పెడితే కాసేపటికి కరుగుతుంది. కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మన ఏజెన్సీలో చలి అంతకంటే ఎక్కువ కాబట్టి గడ్డ కడుతుంది. నూనె మారలేదు, దాని స్థితి మారింది.

ప్రయోగం 3 (పెద్దవాళ్ళు దగ్గర ఉన్నప్పుడే చేయాలి)
కావలసినవి: మరుగుతున్న నీళ్ళ గిన్నె, చన్నీళ్ళు పోసిన పళ్ళెం.
చేయు విధానము: పళ్ళాన్ని గుడ్డతో పట్టుకొని గిన్నె మీద పెట్టాలి. కొంతసేపటికి దూరంగా నిలబడి తీయాలి.
ఏమి చూశాము: పళ్ళెం అడుగున నీటి బొట్లు ఉన్నాయి. ఆవిరి చల్లబడి మళ్ళీ నీరయింది. దీనిని సాంద్రీకరణము అంటారు. పళ్ళెంలో పోసిన చన్నీళ్ళు మాత్రం వేడెక్కాయి! ఆ వేడి ఆవిరి ఇచ్చిందే. అమ్మ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

కణాల సంగతి నాకు ఇలా అర్థమయింది. ప్రార్థనలో మనం లైనులో నిలబడితే ఘనం. భోజనాల దగ్గర ఒకరినొకరు తోసుకుంటూ కదిలితే ద్రవం. సెలవుల బెల్లు కొట్టగానే గేటు దాటి తలోవైపు పరుగెత్తితే వాయువు.

నీరు మరగడం మొదలయ్యాక ఎంత మంట పెట్టినా 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. (కొండ మీద ఇంకా రెండు మూడు డిగ్రీలు తక్కువకే మరుగుతుంది.) మరి ఆ మంట ఏమవుతోంది? నీటి కణాలను విడదీయడానికి ఖర్చవుతోంది. 1 గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కేలరీలు కావాలి. దీనిని బాష్పీభవన గుప్తోష్ణము అంటారు. గుప్తము అంటే దాచినది.

ఆవిరి మన చర్మం మీద నీరయిందంటే దాచిన 540 కేలరీలూ చేతి మీద పెట్టేస్తుంది. 100 డిగ్రీల నీరు 1 గ్రాము చేతి మీద పడి 37 డిగ్రీలకు చల్లారితే 63 కేలరీలు ఇస్తుంది. ఆవిరి అయితే 540 + 63 = 603 కేలరీలు. అంటే తొమ్మిది రెట్లు దాటింది!

ఇంకొకటి. మనకు కనబడే తెల్లనిది అసలు ఆవిరి కాదు, చల్లబడిన సన్నని నీటి తుంపర. కెటిల్ మూతి దగ్గర ఏమీ లేనట్టు కనబడే చోటే అసలు ఆవిరి ఉంటుంది. అక్కడే ఎక్కువ కాలుతుంది.

కాబట్టి వంటింట్లో సాయం చేసే అక్కలూ, గిన్నె మూత మీ వైపు ఎత్తకండి. అవతలి వైపు ముందు ఎత్తి ఆవిరి పోనివ్వండి. కాలితే పేస్టు, సిరా పూయకండి. 20 నిమిషాలు చన్నీళ్ళు పోయండి. బొబ్బలు వస్తే చిదపకండి, సిస్టర్ గారికి చూపించండి.

వచ్చే సెలవుల్లో నేను ముందుగా అమ్మకు ఈ లెక్క చెప్తాను. అమ్మకు కేలరీలు తెలియవు. పళ్ళెం పెట్టి చూపిస్తాను.

ఆలోచించండి: కర్పూరం బిళ్ళ విప్పి పెడితే రోజురోజుకీ తరిగిపోతుంది. కింద తడి ఉండదు. ఎక్కడికి పోయింది? జవాబు వచ్చే నెల గోడ పత్రికలో.

— 9వ తరగతి విద్యార్థిని