అత్త పత్యం

ఉద్దానం పేరు మీరు వినే ఉంటారు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన ఉంది. అంతా కొబ్బరి తోటలు, జీడి తోటలు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీల జబ్బు చాలా ఎక్కువ. ఎందుకు వస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ జబ్బుల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు.

అక్కడి ఒక పల్లెలో అత్తా కోడలూ ఉన్నారనుకుందాం. అత్త జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. ఆమె కిడ్నీలు పాడయ్యాయి. కిడ్నీలు రక్తాన్ని శుభ్రం చేస్తాయి. అవి పని చెయ్యకపోతే ఆ పని మిషను చెయ్యాలి. దాన్నే డయాలసిస్ అంటారు. వారానికి మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు.

రెండేళ్లు గడిచాయి. అత్త చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. చాప మీంచి లేవాలంటే కోడలు చెయ్యి పట్టాలి. బిందె ఎత్తలేదు. కాటా మీద నిలబడితే మాత్రం ఎప్పటిలాగే 50 కిలోలు!

ఒకరోజు నర్సమ్మ అత్త జబ్బ పట్టి చూసింది.

"అత్తకి ఏం పెడుతున్నావు తల్లీ?"

"గంజన్నమే అమ్మా. గుడ్డు, చేప, పప్పు మానిపించాను. డాక్టరు బాబు తగ్గించమన్నారు గదా!"

"ఎప్పుడన్నారు?"

"మొదట్లో. మిషను ఎక్కకముందు."

"అదీ సంగతి! అప్పటి పత్యం వేరు, ఇప్పటి పత్యం వేరు. ఒంట్లో కండ కరిగింది. ఆ చోట నీరు చేరింది. కాటాకి కండా తెలీదు, నీరూ తెలీదు."

పాపం, కోడలి తప్పేముంది? పత్యం మారిందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. మిషను రక్తంలోని చెడుతో పాటు కొంత మంచిని కూడా లాగేస్తుంది. కండకి కావలసిన సరుకు ప్రతిసారీ కొన్ని గ్రాములు పోతుంది. పైగా ఈ జబ్బులో ఆకలి ఉండదు, వికారం. తిండి చాలకపోతే ఒళ్లు తన కండనే తినేస్తుంది. కండ తగ్గినవాళ్లు తూలి పడతారు. జ్వరం వస్తే తట్టుకోలేరు. ప్రాణానికే ముప్పు.

డయాలసిస్ చేయించుకునేవారికి కిలో బరువుకి రోజుకి 1 గ్రాము నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే అత్తకి 50 నుంచి 60 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములుంటాయి. 100 గ్రాముల చేపలో 18 నుంచి 20 దాకా ఉంటాయి. గంజిలో ఉండేది చాలా తక్కువ.

"గుడ్లు తింటే ఉన్న కిడ్నీ కూడా పోదా?" అంది అత్త.

"ఆ భయం మిషను ఎక్కనివాళ్లకి. వాళ్లు డాక్టరు చెప్పినట్టు తగ్గించే తినాలి. నువ్వు తినకపోతేనే ముప్పు. గుడ్డులో తెల్లసొన నీకు మరీ మంచిది."

అలాగని అన్నీ తినకూడదు. ఎండుచేప, ఊరగాయ, అప్పడం వద్దు. ఉప్పు దాహం పెంచుతుంది, నీరు చేరుతుంది. పప్పు డాక్టరు చెప్పినంతే. కూరగాయలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండాలి. అరటిపండు, కొబ్బరినీళ్లు వద్దు. వాటిలోని పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. కొబ్బరి తోటల మధ్య పుట్టిన మనిషికి ఇది చెప్పడం ఎంత కష్టమో!

నర్సమ్మ అన్నీ కాగితం మీద రాసిచ్చింది. రక్తంలో ఆల్బుమిన్ ఎంతుందో అడిగి తెలుసుకోమంది. కోడలు కూడబలుక్కుని చదివింది. పాత కాగితం తీసేసి, కొత్తది గోడకి అంటించింది.

ఇప్పుడు అత్త రోజూ రెండు మూడు తెల్లసొనలు, ఒక పూట చేప తింటోంది. మిషను లేని రోజుల్లో కుర్చీలోంచి పది సార్లు లేచి కూర్చుంటుంది. వీధి చివరిదాకా నడుస్తుంది. మూడు నెలలకి చాప మీంచి తనే లేచింది. బిందె మాత్రం ఇంకా ఎత్తలేదు.

చెప్పండి, రాయండి

అత్త బరువు ఎందుకు తగ్గలేదు?
మీ బరువు ఎంత? అంత బరువున్న మనిషి డయాలసిస్‌లో ఉంటే రోజుకి ఎన్ని గ్రాముల మాంసకృత్తులు కావాలి? లెక్క కట్టండి.