ఓడ యడుగున నంటుకొను జీవులు – వాని నివారణము

ఉప్పలు, నాచారము ప్రాంతములు సముద్రమునకు మిక్కిలి దూరము. అయినను ఈ పాఠమునకు వలసిన మొదటి నిదర్శనము మా విద్యార్థుల యిండ్లలోనే యున్నది. కొంతకాలము కడుగని నీళ్లతొట్టి గోడను వ్రేలితో రాచినచో జిగురువంటి పొర తగులును. అది సూక్ష్మజీవుల సమూహము. నీట మునిగియుండు వస్తువులపై నిట్టి పొర యేర్పడుచుండును. ఓడ యడుగును అట్టిదే.

సముద్రమున నింతతో ముగియదు. అడుగున పాచి మొలచును. బార్నకిల్ అను జీవియు వచ్చి చేరును. ఇది చూపునకు చిన్న గుల్లవలె నున్నను రొయ్యకును పీతకును చుట్టము. పిల్లదశలో స్వేచ్ఛగా నీదులాడి, తగిన చోటు దొరకగానే తలవైపున నంటుకొని, తనచుట్టు సున్నపు గోడ కట్టుకొని, మిగిలిన జీవితమంతయు నచ్చటనే గడపును. ఆలిచిప్పలును ఇట్లే చేరును. అడుగు గరుకైనకొలది నీటి రాపిడి హెచ్చును. 2007లో ప్రకటింపబడిన యొక గణనము ప్రకారము, గుల్లలు దట్టముగా పట్టిన యుద్ధనౌక గంటకు 15 నాటికల్ మైళ్ల వేగముతో నడచుటకు 86 శాతము అధికశక్తి కావలసియుండును.

దీనికి పూర్వులు పలు ఉపాయములు పన్నిరి. మన దేశమున కొయ్య ఓడల యడుగునకు సున్నమును నూనెతో కలిపి పూయుచుండిరి. ఆంధ్రతీరపు పల్లెకారులు తెప్పలను ఇసుకపైకి లాగి ఎండబెట్టుదురు. ఎండిన చోట ఈ జీవులు నిలువజాలవు. కాని పెద్ద ఓడను ఒడ్డునకు లాగుట యెట్లు?

1761లో ఆంగ్ల నౌకాదళమువారు అలారము అను ఓడ యడుగున రాగిరేకులు తొడిగిరి. రాగి కొద్దికొద్దిగా కరగి, చేరవచ్చు జీవులకు విషమగును. అయితే రాగిరేకులును వేగముగా క్షీణించుచుండెను. 1824లో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుడు రాగికి తుత్తునాగము, ఇనుము ముక్కలు తగిలించి ఆ క్షయమును మాన్పెను. అంతట రాగి నిలిచినది గాని, గుల్లలు మరల పట్టసాగెను! రాగి కరగుటయే రక్షణమని దీనివలన తేలెను. కంచు ప్రొపెల్లరునకు తుత్తునాగము కట్టినప్పుడును ఇట్లే జరుగును: లోహము చెడదు గాని గుల్లలు ఆగవు.

ఇరువదవ శతాబ్దమున తగరపు సమ్మేళనమైన ట్రైబ్యూటైల్ టిన్ గల రంగు వచ్చెను. అది గుల్లలను చక్కగా నరికట్టెను. కాని ఆ విషము నీట కలసి, ఫ్రాన్సు దేశపు ఆర్కషోను అఖాతమున పెంచబడు ముత్యపుచిప్పజాతి జీవుల చిప్పలు వికారమయ్యెను. వాని సంతతియు నశించెను. 1982లో ఆ దేశము చిన్న పడవలకు ఆ రంగును నిషేధించెను. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక 2008లో అమలునకు వచ్చి, అన్ని ఓడలకును దానిని మాన్పించెను.

అట్లని యడుగును శుభ్రపరచక వదలుటయు దోషమే. అమెరికా ఉష్ణతీరములకు చెందిన యొక చిన్న ఆలిచిప్ప 1967లో మన విశాఖపట్టణపు రేవున కనబడి అచ్చట విస్తరించెను. అదియే 1999లో ఆస్ట్రేలియాలోని డార్విను రేవున బయలుపడగా, అచ్చటివారు క్లోరినును మైలతుత్తమును నీట పోసి దానిని నిర్మూలించిరి. దానితోకూడ ఆ నీటనున్న ఇతర జీవులును నశించెను. ఇట్టి జీవులు ఓడల యడుగున నంటుకొనియో, ఓడలు నింపుకొనివచ్చు నీటితోనో దేశములు దాటును.

కావున పడవ గలవారు పాటింపవలసిన నియమములు ఇవి. పడవను దీర్ఘకాలము కదలక నిలుపరాదు. పొర పలుచగా నున్నప్పుడే మెత్తని కుంచెతో తుడువవలెను. గుల్లలు గట్టిపడినచో పడవను గట్టునకు చేర్చి గీకి, ఆ చెత్తను తిరిగి నీట పారవేయక దూరముగా పాతిపెట్టవలెను. రాగి గల రంగును అల్యూమినియపు పడవకు పూయరాదు; అది లోహమును తినివేయును. ప్రొపెల్లరును నునుపుగా మెరుగుపెట్టి, సిలికోను పూత వేయుట మేలు. ఈ పూత విషముతో చంపదు; గుల్లలకు పట్టు చిక్కనీయదు, ఓడ పరుగిడునప్పుడు అవి జారిపడును.

అయితే నిలిచియున్న ఓడను ఈ పూత అంతగా కాపాడజాలదు. నిలిచినప్పుడును గుల్లలు పట్టని, నీటికి విషము చేర్పని పూత యేది? ఇది ముఖ్యముగా రసాయనశాస్త్రపు ప్రశ్న. తార్నాకనుండి ఉప్పలునకు పోవు మార్గముననే, 1944లో ఆరంభమైన పరిశోధనాలయము భారత రసాయన సాంకేతిక సంస్థ యను పేర నేడు వెలయుచున్నది. సముద్రమునకు దూరముగా నున్నంతమాత్రమున మన బాలబాలికలు ఈ ప్రశ్నకు దూరము కారు. తన ఓడను కాచుకొనుచు పొరుగువాని నీటిని చెరుపకుండు మార్గమును వారిలో నెవరైన కనుగొందురుగాక యని మేము కోరుచున్నాము.